దుమ్ము మర్యాద

ఊయిస్ దాటాక తారు అయిపోయిందనడం అబద్ధం.
అంతకు చాలా ముందే అయిపోయింది,
నాకే ఆలస్యంగా తెలిసింది.

గులకరాళ్ళ రోడ్డంతా సన్న సన్న చాళ్ళు.
రేకుల కప్పు మీద నడుపుతున్నట్టుంది.
తలుపులు, తాళంచెవి, నా దవడలు
ఒకే అక్షరాన్ని దిద్దుతున్నాయి.
"టైర్లలో గాలి తగ్గించుకో, అరవై దాటకు,
నీళ్ళు లెక్కపెట్టుకో" అన్నాడు బండి అద్దెకిచ్చిన కుర్రాడు.
మూడింటిలో చివరిదొక్కటే బుర్రకెక్కింది.

ఇరవై రెండు లీటర్లు.

ఎడమవైపు బ్రాండ్‌బర్గ్ కొండ,
గంటసేపు నడిపినా అదే చోట,
అప్పిచ్చి అరుగు మీద కూర్చున్న మనిషిలా.
రోడ్డు పక్కన పేలికల కుప్ప అనుకున్నది మొక్కట.
పుట్టినప్పటి రెండాకులతోనే వందల ఏళ్ళు,
గాలి చింపితే చింపింది,
మూడోది కావాలని అడగదు.

మొదటి టైరు పన్నెండింటికి పోయింది. మార్చాను.
రెండోది ఒకటిన్నరకి.

ఇంజను చల్లారుతూ కాసేపు టిక్కుమంది.
తర్వాత అదీ లేదు.
చెవుల్లో నా నెత్తురే,
పక్కవాళ్ళింట్లో ఆపడం మరిచిన మోటారులా.

మూడున్నరకి వచ్చారు వాళ్ళు.
పాత పికప్పుని నడుముకి కోసి
వెనక సగానికి మూడు గాడిదల్ని కట్టిన బండి,
నంబరు ప్లేటు ఇంకా ఊడలేదు.
ఒక నీలం డ్రమ్ము, ఖాళీది.
ఎలియాసర్ గాయెసెబ్, ఆయన మనవరాలు.

పిల్ల తన పేరు చెప్పింది.
ఎద్దుని అదిలించేటప్పుడు నాలుక చేసే చప్పుడుతో మొదలయ్యే పేరు.
యాభై ఆరు అక్షరాలు వెతికాను,
దానికి గుణింతం లేదు.
నేను అనబోయి టక్కుమన్నాను,
గాడిదలు కదిలాయి.
పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది.

ఏనుగులొచ్చి పంపు విరిచేశాయట.
తన చేతినే తొండం చేసి,
లేని గొట్టాన్ని పీకి చూపించింది.
"వాటికీ దాహం కదా" అన్నాడట తాత,
బడి ఇంగ్లీషులో అదీ తనే చెప్పింది.
ఇప్పుడు ఇంకో బావికి పోతున్నారు, ఎంత దూరమో
వేళ్ళతో కాదు, సూర్యుడితో చూపించాడు.

"నీళ్ళున్నాయా?"

పద్దెనిమిది ఉన్నాయి.
నోరు మాత్రం "కొంచెం" అంది.

ఆ కొంచాన్ని ఆయన చక్రం మూతలో పోశాడు.
ముందు కుంటి గాడిదకి. తర్వాత మిగతా రెంటికి.
తర్వాత పిల్లకి.
తడి మిగిలిన మూతని తన పెదాలకి ఆనించుకున్నాడు,
అంతే.

ఆ పైన నా టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.
ట్యూబు ముక్క, జిగురు, మొద్దుబారిన సూజా.
చూపు ఆనని ముసలమ్మ సూదిలోకి దారం ఎక్కించినంత నిదానంగా
రాయి పొడిచిన బెజ్జాన్ని కుట్టాడు.
చేతిపంపు పిల్ల కొట్టింది, ఎగిరెగిరి.

డబ్బిస్తే తీసుకున్నాడు.
ఖాళీ సీసాలు కూడా అడిగాడు.

మిగిలిన నీళ్ళు డ్రమ్ములో వంపేటప్పుడు
లెక్కపెట్టలేదని రాయాలనుంది.
పెట్టాను. పది.

వాళ్ళు ముందు కదిలారు, నాది అదే దారి.
నేను దాటితే అరమైలు దుమ్ము
ఆ పిల్ల ఎర్ర స్వెట్టరు మీద, తెరిచిన డ్రమ్ము మీద.
పొద్దు వాలుతోంది.
ఖోరిక్సాస్ ఇంకా డెబ్బై కిలోమీటర్లు.

మొదటి గేరులో, గాడిదల వెనక,
గాడిదల నడకతో పోయాను.
జీవితంలో ఎవరి వెనకా అంత నిదానంగా పోలేదు.
దగ్గు వచ్చింది. అద్దాలు ఎక్కించలేదు.

ఎండిన ఏటి దగ్గర వాళ్ళు పక్కకి తిరిగారు.
పిల్ల చెయ్యి ఊపింది,
చెయ్యి కాదు, తొండం.

దుమ్ము అణిగేదాకా ఆగి
అప్పుడు తొక్కాను యాక్సిలరేటరు.

కొండ ఇంకా ఎడమవైపే ఉంది.