డెబ్బై రెండో వంతు

పగలంతా పళ్ళు చేస్తాను.
ఆదోని మార్కెట్ యార్డుకు ఎదురుగా, మేడమీది గదిలో
మైనం, అక్రిలిక్, గులాబీరంగు చిగుళ్ళు,
డాక్టర్లు పంపిన అచ్చుల్లో
ముఖం తెలియని నోళ్ళు.

రాత్రి తొమ్మిది దాటితే
అవే పట్టకార్లు, అవే ఆకురాళ్ళు,
బల్లమీద మాత్రం మిగ్ విమానం.
జానెడు పొడవు. నా జానెడు.

పార్సిల్ విప్పినప్పుడు అది విమానం కాదు,
బూడిదరంగు కొమ్మలకు కాసిన
నూట పద్నాలుగు ముక్కలు.
ఒక్కోటీ తుంచి, తుంచినచోటి ముల్లు గీకి,
రెక్కకూ ఒంటికీ నడుమ వెంట్రుకంత సందు పూడ్చి...
సందులు పూడ్చడం నాకెవరూ నేర్పక్కర్లేదు.
గీతలే కొత్త.
రేకూ రేకూ కలిసేచోట సన్నటి గాడి,
పుప్పిపన్ను తొలిచే సూదితో, ఊపిరి బిగబట్టి.
చెయ్యి జారితే
వారం రాత్రులు ఆ గాడిలో పడిపోతాయి.

"ఎగరదు. అమ్మవు. పిల్లోళ్ళను ముట్టనియ్యవు.
దేనికప్పా ఇది?" అంటుంది సుంకమ్మ.
నా నోట్లో బ్రష్షు ఉంటుంది అప్పుడు.
తీసినా జవాబు లేదు.

అసలు శత్రువు పత్తి.
కార్తీకం వచ్చిందంటే మిల్లుల నూగు
కిటికీకి తడిగుడ్డ కట్టినా దూరి
తడి వార్నీషు మీద వాలుతుంది.
వెండిరంగు మూడుసార్లు కడిగి మళ్ళీ కొట్టినాను
ఫ్యాను ఆపి, నుదుటికి తుండు చుట్టి.

హుసేనప్ప రెండు వరసల పళ్ళకోసం మెట్లెక్కి వచ్చినాడు.
నోట్లో ఒక్క పన్ను లేదు, నడుము మాత్రం నిటారు.
అద్దాల బీరువా ముందు ఆగి
చాలాసేపటికి, సగం గాలి సగం మాట:
"ఇంత శుభ్రంగా ఉండదు సామీ.
నిచ్చెన ఆనించేది ఎడంపక్క, ఈడ రంగు లేస్తాది.
కడుపుకింద నూనె కారి
ఎనక్కి, ఇంకా ఎనక్కి, గాలి తోసిన దోవన..."
వేలు గాజుకు తగలనియ్యలేదు.
పన్నెండేళ్ళు ఆ కడుపుకింద పడుకొని పైకి చూసినోడంట.

నాకు తెలిసిన సంగతే కదా.
అరవై ఏళ్ళ నోటికి పాలపళ్ళ తెలుపు పెడితే
ఎవరు నమ్ముతారు?
కాస్త టీ మరక, కాస్త అరుగుదల కలుపుతాను.
విమానం దగ్గర ఎట్లా మరిచినానో.
టర్పెంటైనులో దీపంమసి రంగరించి
వారం రోజులు మురికి చేసినాను.
అతని పళ్ళు ఆలస్యమైనాయి.

రెండోసారి వచ్చి, వంగి చూసి,
"రిబ్బన్లేవి?" అన్నాడు.

నేలమీద ఉన్నంతసేపు
ముక్కుకూ కుర్చీకీ రెక్కల కొక్కేలకూ
ఎర్ర రిబ్బన్ల పిన్నులుంటాయంట.
లేచేముందు అన్నీ పీకి, గుప్పిట్లో పట్టి
పైలట్‌కు ఎత్తి చూపించాల.
లెక్క సరిపోతే ఆయన బొటనవేలు లేపుతాడు.
"తొమ్మిది. తొమ్మిదీ చూపించినా. లెక్క తప్పలే."
తప్పిందని ఎవరన్నారో నేనడగలేదు.
అతని గుప్పిట ఇంకా మూసే ఉంది.
"కట్టు సామీ. కట్టిండేంతసేపు యాడికీ పోదు."

డెబ్బై రెండో వంతు రిబ్బను
పొడవు బియ్యపుగింజ, వెడల్పు నువ్వుగింజలో సగం.
మాత్రల పట్టీ రేకు కోసి ఎరుపు పూసినాను.
ఆరోది కిందపడింది.
టార్చి వేసుకొని, మోకాళ్ళమీద, ఇద్దరం.
సుంకమ్మకే దొరికింది, పత్తినూగులో చిక్కుకొని.
ఆ రాత్రి దేనికని అడగలేదు.

పళ్ళు పెట్టినాక ఎవరినైనా లెక్కపెట్టమంటాను,
మాట ఎక్కడ తడబడుతుందో వినడానికి.
హుసేనప్ప బీరువా వైపు తిరిగినాడు.
ఒకటి. రెండు.
నింపాదిగా, ఒక్కో రిబ్బను దగ్గరా ఆగి.
తొమ్మిది అన్నప్పుడు పన్ను పన్నుకు తగిలి
టక్కుమంది.

కింది వరస, ఎడంపక్క, కొంచెం ఎత్తుంది.
అరగదీయాల.