మీటరు బోర్డు

పొర్లుకట్ట కింద మూడో సందులో
ఆ ఇల్లు నాకు ఏడేళ్లుగా తెలుసు.
వసారా దాకానే తెలుసు.
నెలకోసారి చెప్పులతోనే వెళ్లి
మెడ పైకెత్తి అంకెలు చదివి
బిల్లు చింపి చేతికిచ్చి వచ్చేస్తాను.
మొన్న ఆదివారం మొదటిసారి
చెప్పులు విప్పి లోపలికెళ్లాం.

తొమ్మిది అంకణాలు. రెండు గదులు, వంటిల్లు,
పెరట్లో కాపు మీదున్న బొప్పాయి చెట్టు.
"పద్నాలుగు లక్షలు. నువ్వు కాబట్టి,"
అన్నాడు మాలకొండయ్య.
కామాక్షి అప్పటికే
కిటికీ కింద కుట్టుమిషను పెట్టేసింది,
చూపుతోనే.

బ్యాంకులో జీతం కాగితం చూసి
"కాంట్రాక్టా?" అన్నాడు మేనేజరు,
పాలలో పడిన ఈగను
రెండు వేళ్లతో తీస్తున్నట్టు.
పదిలక్షలకు మించి రాదన్నాడు.

మిగిలిన బిల్లు రోలు వెనక లెక్క రాశాం.
రోలు కదా, ఎంత రాసినా తెగదు.
జీతం పద్దెనిమిదివేల ఐదొందలు.
జాకెట్ల మీద నాలుగువేలు,
పెళ్లిళ్ల నెలల్లో ఆరు, ఆషాఢంలో సున్నా.
కిస్తీ తొమ్మిదివేల రెండొందలు, ఇరవయ్యేళ్లు.
ఇప్పుడు కట్టే అద్దె ఐదువేలు.
చీటీ పాడితే రెండున్నర లక్షలు,
ఆమె గాజులూ నల్లపూసల దండా కలిపి లక్షన్నర.
సరిగ్గా పద్నాలుగు.
లెక్క అంత సరిగ్గా కుదిరితే నాకు భయం.
రిజిస్ట్రేషన్ ఖర్చు రాయనేలేదు.

కిస్తీలు కట్టే ఇళ్లు నాకు తెలుసు.
గృహప్రవేశం నెల యూనిట్లు ఎగిరిపడతాయి,
రెండో ఏటికి దిగొస్తాయి.
ఫ్రిజ్ ఆపేసిన ఇల్లు,
ఒక్క ఫ్యాను కింద నలుగురు పడుకునే ఇల్లు,
వాళ్లేమీ చెప్పరు.
అంకెలే చాడీలు చెప్తాయి.

ఆ ఇంటి గోడలకు లేత పిస్తా రంగు,
ఇంకా వాసన పోలేదు.
ఎంత వెతికినా ఎక్కడా గీత లేదు.
కానీ మీటరు బోర్డుంది.
నేను ఉద్యోగంలో చేరినప్పుడు
అది నా ఛాతీ ఎత్తున ఉండేది.
పాత చోట నాలుగు మరల బొక్కలు,
పుట్టీ పెట్టి పైన రంగేశారు.
వేలితో తడిమితే తెలుస్తాయి.

సోమశిల గేట్లెత్తిన ఆ నవంబరులో
ఈ సందు మొత్తానికి నేను రాసింది ఒకే ముక్క.
మీటరు నీట మునిగినది.
పదిహేడిళ్లు, పదిహేడుసార్లు.

నా వేలు గోడ మీద ఆగడం
మాలకొండయ్య చూశాడు.
"వందేళ్లకోసారి వచ్చేదిలేబ్బా," అన్నాడు.
వందేళ్లు ఎప్పటినించి లెక్కో చెప్పలేదు.

కోవూరుకు తిరిగొస్తా
పెన్న బ్రిడ్జి మీద బండి ఆపి
కామాక్షికి చెప్పాను.
కింద అంతా ఇసకే,
మధ్యలో చీర ఆరేసినంత నీళ్లు.
చాలాసేపు వాటినే చూసింది.
లారీలు పోతున్నాయి, బ్రిడ్జి వణుకుతోంది.

"నీళ్లు ఎప్పుడో ఒకసారి వచ్చి పోతాయి.
ఓనరు నెలనెలా వస్తాడే," అంది.
"క్యాలెండరు మేకుక్కూడా ఆయన్నడగాల.
పాప గోడ మీద బొమ్మేస్తే
అడ్వాన్సులో కోసుకుంటానన్నాడు."

నేను మాట్లాడలేదు.
చీటీ డబ్బు ఒకసారి చేయిజారితే
మళ్లీ జమ కావడానికి ఎన్నేళ్లో నాకు తెలుసు.
ఐదొందల గజాల అవతల ఏరుందని
కాగితం మీద ఎక్కడా రాయరనీ తెలుసు.

రాత్రి నిద్రపోయిందనుకున్నాను.
"అటక ఆ బోర్డు కంటే ఎత్తేనా?"
"మూరెడు ఎత్తు."
"మిషను తల ఊడదీస్తే అటక మీద పడుతుందా?"

లేచింది. లైటెయ్యలేదు.
వీధిలైటు వెలుగులో మెడలో టేపు తీసి
పడుకున్న పిల్లను కొలిచినంత మెల్లగా
మిషను కొలిచింది.

"పదహారంగుళాలు," అంది.
"రాసుకో."