మూడో రోజు, టైర్ల కొట్టు పైన

బెజవాడ వన్ టౌన్‌లో టైర్ల కొట్టు మీద గది.
ఫ్యాను వేస్తే చార్టులు లేస్తాయి,
ఆపితే మనుషులు లేస్తారు.
రెండు రోజులుగా నేర్పుతున్నది ఒక్క ప్రశ్న:
"చచ్చిపోవాలనిపిస్తోందా?"
తిన్నగా అడగాలి. చుట్టూ తిప్పకూడదు.

"అమ్మో, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదూ?"
అంది మస్తానమ్మ,
గుంటూరు కోచింగ్ హాస్టల్లో వార్డెను,
మూడొందల మంది పిల్లల అన్నం, జ్వరం, మార్కులు
ఒంటిచేత్తో చూసే మనిషి.
పుట్టదమ్మా, అన్నాను.
లోపల ఉన్నదానికి గడియ తీసినట్టు, అంతే.
ఆ మాట ఆమె నోట పలకడానికి ఒక పూట పట్టింది.
మొదటిసారి "అన్నం తిన్నావా?" అనేసింది.
అందరం నవ్వాం.
అదీ మంచి ప్రశ్నే.

పట్నం బజారు పురుగుమందుల రత్తయ్య
చివరి బెంచీలోంచి చెప్పాడు:
"మిర్చి రైతు మొహం ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నానండీ,
అరువివ్వాలా వద్దా అని.
ఇంకోలా చదవొచ్చని తెలీదు."

ఏసోబుది బ్యారేజీ దగ్గర పడవ.
పదకొండు మందిని ఒడ్డుకు చేర్చాడు.
ఇతనికి నేర్పేదేముంది అనుకున్నాను.
తప్పు నాదే.

మూడో రోజు అభ్యాసం.
రెండు కుర్చీలు, వీపుకు వీపు,
ఫోన్లో మొహం కనబడదు కదా.
అటు ఏసోబు, ఇటు మస్తానమ్మ.
ఉద్యోగం పోయిన కుర్రాడి కథ కాగితం మీద రాసిచ్చాను.
రెండు వాక్యాలు చదివాడు.
కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

"పన్నెండో మనిషి చెయ్యి జారిందండీ.
చేతికి గడియారం ఉంది.
దాని బెల్టు గరుకు నా వేళ్ళకింకా తెలుసు.
ఇంటికెళ్తే నీళ్ళ చప్పుడు,
కుళాయి కట్టేసినా."

బాగా చేస్తున్నాడే, అని ఎవరో గుసగుసలాడారు.
మస్తానమ్మ వెనక్కి తిరగలేదు.
ధైర్యం చెప్పలేదు, దేవుణ్ణి తేలేదు,
పిల్లలున్నారు కదా అనలేదు.
కింద గాలి మిషను ఒక టైరు నింపి ఆగింది,
ఇంకోటి మొదలెట్టింది.
అప్పుడడిగింది, అన్నం సంగతి కాదు:
"ఏసోబు గారూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అప్పుడప్పుడు," అన్నాడు.
కాసేపటికి, "ఎవరూ అడగలేదండీ."

క్లాసు అక్కడ ఆపాను.
ముగ్గురం ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్ళాం.
దారంతా ఏసోబు
పడవ ఇంజను రిపేరు గురించే మాట్లాడాడు,
మేమూ ఇంజను గురించే విన్నాం.

ఆ రాత్రి ఆఫీసుకు ఉత్తరం రాశాను.
"సేవాభావం గల వాలంటీర్లు" అన్న మాట కొట్టేసి
జీతం అని రాశాను.
రాత్రి డ్యూటీకి రెండో మనిషి.
కష్టమైన కాల్ తర్వాత అరగంట, టీ,
పక్కన కూర్చునే తోటివాడు.
వారానికోసారి వీళ్ళ మాట వినడానికి
వీళ్ళ మీద పెత్తనం లేని ఒక మనిషి.
ఏసోబుకు ఇరవై రోజులు, కూలి కోత లేకుండా.
ఆ ఇరవై రోజులూ రేవులో ఎవరుంటారో, పేరుతో సహా.
సన్మానం వద్దని కూడా రాశాను:
పోయినేడు కప్పిన శాలువా
అతను ఇంజనుకు కప్పుతున్నాడు.

నాలుగో రోజు ఏడుగురొచ్చారు.
ఎనిమిదో కుర్చీ తియ్యనివ్వలేదు.
మస్తానమ్మ డబ్బాలో పులిహోర తెచ్చింది,
అందరికీ పెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.
"రాత్రి మీరు నిద్రపోయారా?"
నేను చార్టు సర్దబోయాను.
ఆమె కదల్లేదు.
కింద టైరులోకి గాలి ఎక్కుతోంది.
ఆమె ఇంకా
ఆగే ఉంది.