రాయని మలుపు

కొర్లగుంట. రేకుల గది. రాత్రి రెండున్నర.
ఇన్‌స్టాల్ చేసే పద్ధతి నాలుగుసార్లు చదివినా
తెర మీద అదే ఎర్రక్షరాల తిట్టు.

రాసినాయనకు దారి కొట్టినపిండి.
అందుకే ఒక మలుపు మింగేసినాడు.

తిట్టుకుంటా ఉంటే గుర్తొచ్చింది:
పొద్దున లీలామహల్ సర్కిల్ కాడ
స్కానింగ్ కవరు చంకలో పెట్టుకోని
"రుయాకు ఎట్ల పోవాల నాయనా" అన్న పెద్దాయనకు
టీ గ్లాసు దించకుండానే
"ఇట్నే నేరుగా" అనేసినాను.
ఆ దారి ఎప్పుడు నేరుగా ఉండింది?

రెండో మెట్టు కింద ఒక వాక్యం చేర్చినాను:
"ముందు ఆ ఫోల్డర్లోకి పోండి, తర్వాతే ఇది టైపు చేయండి."

తెల్లారేసరికి జవాబు. చేర్చుకున్నారంట.
ఇంక ఎవురూ అక్కడ తప్పిపోరు.

పెద్దాయన కవరు మాత్రం
ఏ సందులో తిరగతా ఉందో.