నలభై రెండో దెబ్బ

మా తాత చేతుల ఒక కట్టె ఉండేది,
వెదురుది, కొనకు ఇనుప పొన్ను.
బాయిల పైకప్పును దాంతోని కొట్టి ఇనేటోడు.
కంచు మోగినట్టు మోగితే గట్టి.
ఖాళీ డబ్బ మోగినట్టు మోగితే ఎనుకకు నడువు,
ఎవ్వలనూ అడగకు, నడువు.

బొగ్గు అయిపోయింది. కట్టె మిగిలింది.
ఇప్పుడు గోదావరిఖనిల ఎండ యాభై ఆరు.
ఉగాది దాటంగనే ఊరంత మూటాముల్లె కట్టుకొని
అయిదో గనిలకు దిగుతది.
మంచాలు, మేకలు, పిండిగిర్ని,
బడిపిల్లల నల్లబల్ల, ఒగ్గు కథోళ్ల డోలు సుత.
మూడో లెవెల్ల కిరాణం, నాలుగో లెవెల్ల కాన్పుల దవాఖాన.
తొలకరి దాక సొరంగాలే వాడలు.

అందరికంటె ముందు దిగేది మేమిద్దరం:
నేను, జాడి ఓదెమ్మను,
వాడు, కంచయ్య.
ఆరు కాళ్లు, ఒక సుత్తె, గిన్నె అసుంటి చెవి.
కంపెనీ వానికి ఒక నంబరు పెట్టింది,
నాకు నోరు తిరగలే.

మొదట్ల "లెక్క ప్రకారం గట్టిదే" అనేటోడు.
లెక్క పక్కకు పెట్టు, ఇను, అన్న.
మూడు ఎండకాలాలు పట్టింది వానికి ఇనుడు రావడానికి.
నాలుగో ఏడు వాడే నాకు చెప్పవట్టె:
"ఓదెమ్మా, నీ కుడి చెవి మందగించింది, ఎడమది తిప్పు."
దెబ్బ దెబ్బకు లెక్క పైకి చదివేటోడు,
అది నేను నేర్పింది కాదు.
నా సద్ది మూత తట్టి "ఇది డబ్బ" అనేటోడు.
వాని యంత్రంల నవ్వు పెట్టలేదు,
నేనే ఇద్దరి మందం నవ్వేదాన్ని.

పోయినేడు, పదకొండో అడ్డదారి.
ముప్పై తొమ్మిది. కంచు.
నలభై. కంచు.
నలభై ఒకటి
అని ఆగి, "ఓదెమ్మా, ఎడమ చెవి" అన్నడు.
గంతే.
దుమ్ము దీపాన్ని మింగింది.
నేను ఎనుకకు నడిచిన.
ఎవ్వలనూ అడగలే, నడిచిన.
తాత చెప్పినట్టే చేసిన. అదే నాకు అరగలే.

ఏడాదంత నల్లా కింద బిందె పెట్టి
చుక్కలు లెక్కవెడితే
నలభై ఒకటి కాడ చెయ్యి దానంతటదే నల్లా కట్టేసేది.
కంపెనీ కొత్తదాన్ని పంపింది,
పన్నెండు కాళ్లు, చెవే లేదు, అంత వెలుగుతోనే చూస్తదట.
గోనెసంచి కప్పి మూలకు పెట్టిన.

ఈ ఉగాదికి సైరన్ కూసింది.
ఎవ్వలు దిగలే.
మూటల మీద కూసున్నరు గని మొగదల, తలలకు తడిబట్టలు చుట్టుకొని.
నన్ను పిలువలే. నా దిక్కు చూడనన్న చూడలే.
తిడితే బాగుండు.

అప్పుడు గోడ అవతల సప్పుడు.
క్వార్టర్ల పోరలు, చేతుల్ల గరిటెలు, చీపురు కట్టెలు,
గోడ గోడకు కొట్టుకుంట వస్తున్నరు:
"కంచు." "కంచు." "డబ్బ!"
గొంతులు రేకు చేసుకొని, అచ్చం వానిలెక్కనే.
పొద్దుమీకి వీళ్లతోని ఆడేటోడట.
నాకెన్నడు చెప్పలే.

ఐలేషు, ఏడేండ్లోడు, ముందటి పన్ను లేదు,
గడప దాటొచ్చి నా ఈపు మీద గరిటెతోని రెండేసి
చెవి ఆనిచ్చి ఇన్నడు.
"డబ్బ," అన్నడు మెల్లగ.
"అవ్వా, నీకు సపోటు పెట్టాలె."

అటక మీది కట్టె దించిన.
గోనెసంచి గుంజిన.
వెలుగు ఆర్పు, ఇను, అన్న కొత్తదానితోని.
"ఇనుడంటే ఏంది?" అన్నది.
మూడు ఎండకాలాలు పడతది. నడువు.

పదకొండో అడ్డదారిల రాళ్ల కుప్ప అట్లనే ఉన్నది.
దాని కింద వాడు.
ఒకటి నుంచి మొదలువెట్టబుద్ధి కాలే.
కట్టె ఎత్తి
నలభై రెండు, అన్న, పైకే.

కంచూ కాదు, డబ్బా కాదు.
కుడి చెవికి తేలలే.
ఎడమది తిప్పి
మల్లోపారి కొట్టిన.