చాలు

మాఘం చలి మూడు రాత్రులు కాశీనగరం మీద తిష్ఠవేసింది.
నాలుగో పొద్దున తొట్టిలోకి వంగి చూస్తే
శీలావతి పిల్లల ఒంటినిండా ఉప్పురవ్వ.
తోకమీద, మొప్పమీద, రెప్ప లేని కంటి పక్కన
ఎవరో చిటికెడు చిటికెడుగా చల్లినట్టు.

"మచ్చ," అన్నాను.
"మాఛొ," అన్నాడు టుకునా, అవును, చేపే కదా అన్నట్టు.
మోహనా కొండల నుంచి వచ్చి పన్నెండు రోజులైంది వాడు.
ఒకే తొట్టిని చూస్తున్నాం ఇద్దరం.
వాడికి చేప కనబడింది, నాకు జబ్బు.

సస్మిత స్కూటీ మీద వచ్చింది, సంచిలో మైక్రోస్కోపు.
గాజుపలక మీద గోరంత పొర పెట్టి
"చూడు మౌసా," అంది.
తిరుగుతోంది అది.
నింపాదిగా, గానుగెద్దులా, కాకపోతే తన చుట్టూ తానే.
ఒంటినిండా నూగు, లోపల గుర్రపు నాడా.
ఒక్కటే కణమట.
ఆ నాడా పెద్ద కేంద్రకం, పనంతా దానిదే.
పక్కన నక్కి ఇంకొకటి, చిన్నది, నోరెత్తదు.
వంశం మాత్రం దాని దగ్గర.

నాకు మా ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.
సరిహద్దు గీత గీయకముందు నాటి మద్రాసు ముద్ర కాగితం,
తెలుగు రాత, కింద తాత వేలిముద్ర.
బయటికి తియ్యం.
తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేవన్నీ ఒడియా జిరాక్సులు,
నలిగి చిరిగి మళ్లీ తీయించినవి.

మా తమ్ముడు చిన్నబ్బిని మూడు వానాకాలాలు
దుప్పట్ల కింద వణికించిన మలేరియా
దీనికి దూరపు చుట్టమట.
ఎన్ని కోట్ల ఏళ్ల కిందటో ఒకే గడప.
ఒకరు దోమ బండెక్కారు, ఒకరు నీళ్లలో ఉండిపోయారు.
చిన్నబ్బి ఉంటే చెప్పేవాణ్ణి.

తర్వాతి మాట దగ్గర నేనే ఆగిపోయాను.
ప్రాణి రాతంతా మూడక్షరాల మాటలేనట.
పూస గుచ్చమనేవి చాలా,
ఇక ఆపమనేవి మూడే.
నాకూ, దాలమ్మకూ, గట్టుమీది తుమ్మకూ, ఆ చేపకూ
మూడూ ఆగమనే చెబుతాయి.
ఇది మాత్రం వాటిలో రెండింటిని
ఇంకో పూస గుచ్చు అని చదువుకుంటుంది.
ఎప్పుడో ఏ ముత్తాతో తప్పు చదివి ఉంటాడు.
చావాల్సింది. చావలేదు.
తప్పుతోనే కాపరం చేసి, కని, పెంచి
ఆ తప్పునే బడి పెట్టింది.

సాయంత్రం తొట్లో ఉప్పు పోయించాను.
"ఊరగాయ పెడతన్నావేటి బాబూ," అని దాలమ్మ నవ్వింది.
టుకునా బస్తా ఎత్తాడు. సగం దిగాక
"చాలు," అన్నాను.
వాడు పోస్తూనే ఉన్నాడు.
"చాలు, చాలు!"
రెండో బస్తా కుట్టు విప్పాడు.
వాడి భాషలో ఆ మాటకి
సాగనీ అని అర్థం.

రాత్రికి గిన్నెడు పిల్లలు వెల్లకిలా తేలాయి.
టుకునా అన్నం ముట్టలేదు.
తిడదామనుకున్నాను గాని, ఏ భాషలో?
నీళ్లు మార్చి మార్చి, పదో నాటికి
మిగిలినవాటి ఒళ్లు శుభ్రంగా మెరిశాయి.
అడుగు పాచిలో ఏ బుడగ అయినా మిగిలి
గుట్టుగా వెయ్యిగా చీలుతోందేమో, చెప్పలేను.

నబఘన బిసోయి వ్యాను రివర్సులో వచ్చి ఆగింది.
టీ గ్లాసుతో కొలత.
"లాభం," అంటూ మొదటి గ్లాసు వంచాను.
టుకునా చెయ్యి అడ్డం పెట్టాడు,
సగం పోయాయి కదా, లాభమెక్కడ?
మొదట ఒకటి అనకూడదురా, లాభం అనాలి.
ఎందుకు?
తెలీదు. మా నాన్న అలాగే కొలిచేవాడు.

వాడు కాసేపు నా మొహం చూశాడు.
తడి వేలొకటి మడిచి,
"లాభం," అన్నాడు జాగ్రత్తగా.
"రెండు. మూడు."