వేలికే తెలుసు

ఫోను ఆమె వేలిని ఒప్పుకోలేదు.
మూడుసార్లు ఆనించింది సువార్తమ్మ,
కొంగుకి తుడుచుకుని నాలుగోసారి.
"నీ వేలు కాదంటంది" అన్నాను.
"మరెవురిదంట?" అంది.

పందొమ్మిదేళ్లుగా మిరపకాయల తొడిమలు తీస్తున్న వేళ్లు.
తేజ, బాడిగ, మూడొందల ముప్పై నాలుగు,
ఏ రకం ఎంత మండుద్దో
గోళ్ల కింద లెక్క రాసుకున్న వేళ్లు.
పుట్టినప్పుడొచ్చిన గీతలు
కిలోకి కాస్త చొప్పున అరిగి
టిక్కీల్లో కుట్టుకుని
ఏ కోల్డ్ స్టోరేజీకి పోయాయో.

కూలి ఇప్పుడు ఫోన్లోనే పడుద్ది.
అందుకని పిన్ను పెట్టుకోమన్నాను.
"అంకెలు రావయ్యా నాకు."
"రాకపోతే మానె, వేలు నడిపించు.
ఎటు నడిచిందో ఎవరికీ చెప్పకు, నాక్కూడా."
మొహం గోడకి తిప్పుకున్నాను.
వెనకనించి గొణుగుడొక్కటే వినపడింది:
కుళాయి కాడికి... మెట్టెక్కి...
మళ్లీ గుమ్మం కాడికి.

తుమ్ము అడ్డమొస్తే పని ఆపాలంటారు.
ఆ లెక్కన గుంటూరు యార్డులో
ఏ బేరమూ తెగదు.

మొన్న మిట్టమధ్యాహ్నం ఫోనొచ్చింది.
బ్యాంకు నుంచట. మేడమ్ అన్నాడట.
యార్డులో ఆమెనెవరూ ఇంతవరకు మేడమ్ అనలేదు.
కాయల కుప్ప మీంచి లేచి నిలబడి
పైట సర్దుకుని మరీ మాట్లాడింది.
సాయంత్రానికి ఖాతా ఆగిపోద్దన్నాడు.
నెంబరు చెప్పమన్నాడు.
"చెప్పేదాన్నే బాబూ, ఒట్టు.
నా కాడ నెంబరు లేదు, దారుంది.
మా ఇంటికి రా,
కుళాయి కాడినించి నడిచి చూపిస్తా."

ఎర్రటి దుమ్ములో ఆడవాళ్లంతా
నవ్వుతూ తుమ్ముతూ, తుమ్ముతూ నవ్వుతూ.
అవతల పెట్టేశాడు.
"మర్యాదగానే మాట్టాడాడు పాపం" అంది సువార్తమ్మ
నల్లబడిన తెర వైపు చూస్తూ.

నాకు నవ్వు రాలేదు.
నేను బీకాం.
రోజుకి వెయ్యి బస్తాల తూకం
చిట్టాలో ఒక్క కొట్టివేత లేకుండా రాసేవాణ్ణి.
పోయిన చలికాలం ఒక ఆదివారం
కరెంటు బిల్లు కట్టలేదని వచ్చిన లింకు నొక్కి,
వాడడిగిన ఆరంకెలూ
కాటా దగ్గర తూకం చదివినట్టు
విడివిడిగా, స్పష్టంగా, రెండుసార్లు చదివాను.
ఫ్యాను తిరుగుతోంది. ఇల్లంతా శుభ్రంగా ఉంది.
ఒక్క తుమ్మయినా అడ్డం రాలేదు.
నలభై రెండు వేలు.
"థాంక్యూ సార్" అన్నాడు.

నా వేలిని మాత్రం ఫోను
ఆనించీ ఆనించకముందే గుర్తుపడుతుంది.
రాత్రిళ్లు ఊరికే తెరిచి
ఆ తారీఖు దాకా వెనక్కి జరిపి
మళ్లీ మూసేస్తాను.
పక్కమీద నుంచి మా ఆవిడ అడుగుతుంది,
ఏంటండీ అని.
యార్డు మెసేజీ అంటాను.